విటమిన్ మందుకి తోడు మాత్రమే... మందుకి మారు కాదు!



వారపు సంతలో డబ్బాలు పరుచుకుని కూర్చున్నవాడు కావచ్చు, మీ వాట్సాప్ గ్రూపులో వీడియో తిప్పేవాడు కావచ్చు. మాట మాత్రం ఒకటే. "ఇంగ్లీషు మందులు ఒంటికి వేడి. ఇమ్యూనిటీ పెరిగితే ఏ వైరస్సూ నిలవదు. ఈ పౌడర్ మూడు నెలలు పట్టండి, హెచ్ఐవీ అయినా తగ్గుతుంది. అన్నీ విటమిన్లే, పిల్లలకు కూడా పర్లేదు." వినేవాళ్లలో ఒక తల్లి ఉంటుంది. తనకు హెచ్ఐవీ ఉన్న సంగతి, బిడ్డకూ వచ్చిన సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. మందుల కోసం కూలి మానుకుని, బస్సు ఛార్జీలు అప్పు తెచ్చుకుని, ఎవరి కంట పడతానోనని భయపడుతూ పట్నం పోయి వస్తోంది. ఆమెకు ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో ఆలోచించండి. డబ్బా కొనుక్కుంటే చాలు, ఆ లైన్లో నిలబడే బాధ తప్పుతుంది.

అప్పుడు మీరేం చెప్తారు?

చదువుకున్నవాళ్లు చాలామంది చెప్పే జవాబు "అదంతా మోసం, విటమిన్లతో ఏమీ కాదు" అని. ఈ జవాబులో సగమే నిజం ఉంది. సగం నిజంతో ఆ డబ్బాలవాడిని ఓడించలేం. హెచ్ఐవీ ఉన్న పిల్లల ప్రాణాలు కాపాడటంలో విటమిన్ ఏ పనిచేసిందని సైన్సే చెప్పింది. వాడు ఆ నిజాన్ని దొంగిలించి, దానికి అబద్ధం కలిపి అమ్ముతున్నాడు. నిజం ఎక్కడిదాకా ఉంది, అబద్ధం ఎక్కడ మొదలైంది, ఆ గీత మనం గీసి చూపించాలి. అందుకే ఈ వ్యాసం.

ముందు జబ్బు సంగతి. హెచ్ఐవీ ఒంట్లో సీడీ4 అనే తెల్ల రక్తకణాల్లో దూరి వాటిని నాశనం చేస్తుంది. ఒంట్లోకి రోగం వచ్చినప్పుడు మిగతా రక్షణ కణాలకు పని చెప్పేవి ఇవే. పెద్దవాళ్లలో ఈ నాశనానికి ఏళ్లు పడుతుంది. పసిబిడ్డకు అంత గడువు ఉండదు. పుట్టుకతో వైరస్ సోకిన పిల్లలకు మందు అందకపోతే, దాదాపు సగం మంది రెండేళ్లు నిండకుండానే చనిపోతారు. చంపేది ఎక్కువగా న్యుమోనియా, విరేచనాలు, టీబీ. అంటే మన ఊళ్లల్లో మామూలు పిల్లలకు కూడా వచ్చే జబ్బులే. వైరస్ తలుపు తీసి పెడితే అవి లోపలికి వస్తాయి.

ఇందులో విటమిన్ ఏ పాత్ర ఏంటి? ఇది తగ్గితే రేచీకటి వస్తుందని అంగన్‌వాడీలో వినే ఉంటారు. కంటికే కాదు, పేగుల లోపలి పొర, ఊపిరితిత్తుల లోపలి పొర గట్టిగా ఉండాలన్నా ఇదే కావాలి. రోగక్రిములకు మొదటి అడ్డుగోడ ఆ పొరలే. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు తిన్నది ఒంటబట్టదు, విటమిన్ తగ్గిపోతుంది. విటమిన్ తగ్గితే పొర పలచబడి మళ్లీ విరేచనాలు. హెచ్ఐవీ ఉన్న బిడ్డలో ఈ చక్రం ఆగకుండా తిరుగుతుంది. ఈ చక్రానికి అడ్డం వేస్తే ఏమవుతుందో ఆఫ్రికాలో పరిశోధకులు చూశారు.

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో హెచ్ఐవీ ఉన్న తల్లుల పిల్లలకు విటమిన్ ఏ ఇచ్చి చూశారు. 1995లో ఫలితాలు వచ్చాయి. వైరస్ సోకిన పిల్లల్లో విరేచనాల బాధ దాదాపు సగానికి తగ్గింది. టాంజానియాలోని దార్ ఎస్ సలాంలో న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన 687 మంది పిల్లల మీద చేసిన పరిశోధన 1999లో వచ్చింది. విటమిన్ ఏ ఇచ్చిన పిల్లల్లో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి, అందులో హెచ్ఐవీ ఉన్న పిల్లల్లో ఇంకా ఎక్కువే తగ్గాయి. ఉగాండాలోని కంపాలాలో హెచ్ఐవీ ఉన్న 181 మంది పిల్లలకు మూడు నెలలకోసారి విటమిన్ ఏ గానీ, ఉత్తుత్తి మందు గానీ ఇచ్చి చూశారు. 2005లో వచ్చిన లెక్క ఇది: ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో నూటికి 33 మంది చనిపోతే, విటమిన్ ఏ ఇచ్చినవాళ్లలో నూటికి 21 మంది చనిపోయారు.

ఇది చిన్న విషయం కాదు. పైసల్లో వచ్చే ఒక చుక్క మందు పిల్లల్ని బతికించింది. కాబట్టి "విటమిన్లతో ఏమీ కాదు" అనకండి.

ఇప్పుడు అదే లెక్కను రెండోసారి చదవండి. విటమిన్ ఏ ఇచ్చినా నూటికి 21 మంది పిల్లలు చనిపోయారు. ఎందుకు? ఆ రోజుల్లో ఆ పిల్లలకు వైరస్‌ను అణిచే మందులు అందలేదు. విటమిన్ గోడకు మట్టి మెత్తింది గానీ, లోపల కూర్చుని గోడ తవ్వుతున్న వైరస్‌ను ముట్టుకోలేదు. చావును తగ్గించింది, ఆపలేకపోయింది. డబ్బాలవాడు మీకు చెప్పని సగం ఇదే.

ఇంకో అబద్ధం కూడా ఉంది. "విటమిన్ కదా, ఎంత ఎక్కువైతే అంత బలం" అంటారు. ఉగాండాలోనే ఎనిమిది వందల మందికి పైగా హెచ్ఐవీ ఉన్న పిల్లల్లో కొందరికి రకరకాల విటమిన్లు, ఖనిజాలు కలిపి రోజువారీ మోతాదుకు రెట్టింపు ఇచ్చారు, మిగతావాళ్లకు మామూలు మోతాదు ఇచ్చారు. 2010లో ఫలితం వచ్చింది. మరణాల్లో తేడా ఏమీ కనపడలేదు. పైగా విటమిన్ ఏ కొవ్వులో కరిగే రకం. ఎక్కువైతే మూత్రంలో పోదు, కాలేయంలో పేరుకుని విషంలా పనిచేస్తుంది. టాంజానియాలో హెచ్ఐవీ ఉన్న గర్భిణులకు విటమిన్ ఏ మాత్రలు ఇస్తే, తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకే ప్రమాదం పెరిగినట్టు కూడా తేలింది. బిడ్డను కాపాడిన విటమినే తల్లికి ఇచ్చినప్పుడు ఎదురు తిరిగింది. ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది తెలియకుండా ఇచ్చేదాన్ని వైద్యం అనరు.

ఇన్ని నిజాలు తేలిన ఆఫ్రికాలోనే, విటమిన్ పేరుతో అతిపెద్ద మోసమూ జరిగింది. మన యువతకు ఈ కథ తెలిసి తీరాలి.

2000 నాటికి దక్షిణాఫ్రికాలో లక్షల మందికి హెచ్ఐవీ ఉంది. అప్పటి అధ్యక్షుడు థాబో ఎంబెకీ, ఎయిడ్స్‌కు కారణం హెచ్ఐవీయేనా అని అనుమానాలు లేవదీశాడు. ఆరోగ్య మంత్రి మాంటో షబలాలా-సిమాంగ్ వైరస్ మందులు విషమన్నట్టు మాట్లాడుతూ, వెల్లుల్లి, నిమ్మకాయ, బీట్‌రూట్ తినమని ప్రచారం చేసింది. సర్కారే ఇలా మాట్లాడితే వ్యాపారి ఊరుకుంటాడా? మథియాస్ రాత్ అనే జర్మన్ డాక్టర్ దిగాడు. కేప్‌టౌన్ పక్కన ఖయెలిత్షా అనే నల్లజాతి పేదల బస్తీ ఉంది. రాత్ సంస్థ అక్కడ హెచ్ఐవీ ఉన్నవాళ్లకు పెద్ద మోతాదు విటమిన్ మాత్రలు పంచి, వాటి మీద ప్రయోగాలు చేసింది. ఎయిడ్స్ మందులు విషం, విటమిన్లే దారి అని పెద్ద పెద్ద ప్రకటనలు వేయించింది. హార్వర్డ్ శాస్త్రవేత్తలు టాంజానియాలో చేసిన విటమిన్ పరిశోధనను సాక్ష్యంగా చూపించింది. "మా పరిశోధనను వక్రీకరిస్తున్నారు, విటమిన్లు ఎయిడ్స్ మందులకు బదులు కావు" అని ఆ శాస్త్రవేత్తలే బయటికొచ్చి చెప్పాల్సి వచ్చింది.

ఈ నాటకం ఖరీదు ఎంత? 2000 నుంచి 2005 దాకా మందులు ఆలస్యం చేసినందుకు 3,30,000 మందికి పైగా ప్రాణాలు పోయాయని 2008లో హార్వర్డ్ పరిశోధకులు లెక్క కట్టారు. తల్లి నుంచి బిడ్డకు సోకకుండా ఆపే మందు అందక, దాదాపు 35,000 మంది పసిబిడ్డలు వైరస్‌తో పుట్టారని కూడా అదే లెక్క చెప్పింది. ఎన్‌కోసి జాన్సన్ అనే పిల్లవాడి పేరు గుర్తుపెట్టుకోండి. పుట్టుకతో హెచ్ఐవీ సోకినవాడు. 2000 జూలైలో, పదకొండేళ్ల వయసులో, డర్బన్‌లో జరిగిన ప్రపంచ ఎయిడ్స్ సదస్సు వేదికెక్కి, గర్భిణులకు మందు ఇవ్వండని సర్కారును అడిగాడు. 2001 జూన్ 1న, పన్నెండేళ్లకే, కన్నుమూశాడు.

మరి ఎదిరించిందెవరు? ట్రీట్‌మెంట్ యాక్షన్ కాంపెయిన్ అనే ఉద్యమం. అందులో ఎక్కువమంది పేద బస్తీల వాళ్లే, హెచ్ఐవీ ఉన్నవాళ్లే. సీడీ4 అంటే ఏంటి, మందు ఎలా పనిచేస్తుంది అన్నది తమ భాషల్లో నేర్చుకుని ఇంటింటికీ నేర్పారు. "హెచ్ఐవీ పాజిటివ్" అని రాసిన చొక్కాలు వేసుకుని వీధుల్లో నడిచారు. 2002 జూలైలో రాజ్యాంగ న్యాయస్థానంలో గెలిచి, తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకకుండా ఆపే నెవిరపిన్ మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చేలా చేశారు. రాత్ మీద కూడా కోర్టుకెక్కారు. 2008 జూన్‌లో అక్కడి హైకోర్టు ఆ విటమిన్ ప్రయోగాలు చట్టవిరుద్ధమని తీర్పు ఇచ్చింది. పేదవాళ్లు సైన్సు నేర్చుకుంటే సర్కారు అబద్ధమూ నిలవదు, వ్యాపారి అబద్ధమూ నిలవదు.

"ఎక్కడో ఆఫ్రికా కథ మనకెందుకు?" అంటారా? రెండు కారణాలు చెప్తాను.

ఒకటి, 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ఏజెన్సీతో సహా, వేల మంది ఆడపిల్లలకు పాత్ అనే అమెరికా సంస్థ ప్రాజెక్టు కింద హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో చాలామంది హాస్టల్ పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నో ఫారాల మీద వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టారు. 2010లో ప్రాజెక్టు ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఒక్క మాట స్పష్టంగా చెప్పుకుందాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆ టీకా నిజంగానే కాపాడుతుంది. తప్పు టీకాది కాదు, అడగకుండా మన పిల్లల ఒంటి మీద చెయ్యి వేయడానిది. ఖయెలిత్షాలో పనికిరాని విటమిన్‌తో చేశారు, ఖమ్మంలో పనికొచ్చే టీకాతో చేశారు. రెండు చోట్లా పేదవాడిని అడగక్కర్లేదన్న ధీమా ఒకటే.

రెండు, ఆఫ్రికా పిల్లల్ని బతికించిన మందుల్లో చాలా భాగం మన దేశంలో తయారైనవే. 2001లో సిప్లా కంపెనీ ఏడాదికి 350 డాలర్లకే మూడు మందుల కోర్సు ఇస్తామని ప్రకటించింది. అప్పటికి పెద్ద కంపెనీల ధర ఏడాదికి పది వేల డాలర్లకు పైనే. మన హైదరాబాద్ కంపెనీలు కూడా ఈ మందులు చేసి ప్రపంచానికి పంపుతున్నాయి. హైదరాబాద్ నుంచి ఆఫ్రికా పల్లెకు పోగలిగిన మందు, ఏజెన్సీ గూడెంలోని బిడ్డకు నెల తప్పకుండా ఎందుకు చేరదు? ఆ ఖాళీలోనే డబ్బాలవాడు దుకాణం పెట్టాడు. వాడిని తిట్టి ఊరుకుంటే సరిపోదు, ఆ ఖాళీ మిగిల్చిన సర్కారును కూడా నిలదీయాలి.

ఇక అసలు "ఇమ్యూనిటీ బూస్టర్" ఏదో చెప్పుకుందాం. దాని పేరు ఏఆర్టీ. అంటే హెచ్ఐవీని అణిచే మందులు. వైరస్ కొత్తగా పుట్టకుండా ఆపుతాయి, సీడీ4 కణాలు మళ్లీ పెరుగుతాయి. వైరస్ సోకిన పసిబిడ్డలకు జబ్బు ముదిరేదాకా ఆగకుండా వెంటనే మందు మొదలుపెడితే మరణాలు 76 శాతం తగ్గాయని దక్షిణాఫ్రికాలోనే తేలింది. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కోట్రైమాక్సజోల్ అనే పాత, చౌక మందు ముందుజాగ్రత్తగా ఇస్తేనే జాంబియా పిల్లల్లో మరణాలు 43 శాతం తగ్గాయి. మన దేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్ నుంచి ఏఆర్టీ ఉచితంగా ఇస్తోంది. ఈ మందు రోజూ, జీవితాంతం వేయాలి. ఆపితే వైరస్ మళ్లీ లేస్తుంది, మందుకు లొంగని రకంగా కూడా మారవచ్చు. పిల్లలకు మోతాదు బరువును బట్టి ఇస్తారు. బిడ్డ పెరిగేకొద్దీ మోతాదు మారాలి. అందుకే బిడ్డను తీసుకెళ్లి తూకం వేయించడం తప్పనిసరి.

డబ్బాలవాడు చెప్పని ఇంకో ముఖ్యమైన సంగతి. ఇప్పుడు పిల్లలకు ఇస్తున్న ముఖ్యమైన హెచ్ఐవీ మందు డోలుటెగ్రావిర్. ఐరన్, కాల్షియం, జింక్ ఉన్న టానిక్‌ను దీంతోపాటు పరగడుపున వేస్తే, అవి మందును పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. అంటే "బలానికి" అని పట్టిన టానిక్కే మందు బలాన్ని తీసేస్తుంది. ఐరన్ చుక్కలు అవసరమైతే వేయొచ్చు, కానీ ఏ పూట, మందుకి ఎంత ఎడంగా, అన్నంతోనా కాదా అన్నది ఏఆర్టీ సెంటర్‌లో అడిగే వేయాలి. ఇంట్లో ఏ పౌడర్, ఏ సిరప్, ఏ పసరు పడుతున్నా అక్కడ దాచకుండా చెప్పాలి. అక్కడివాళ్లు కూడా తిట్టకుండా వినాలి. తిడితే ఆ తల్లి రెండోసారి చెప్పదు.

"మన అడవి తిండి, మన ఆకుకూరలు చాలవా?" అని మీలో కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. మునగాకు, తోటకూర, గుమ్మడి, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు, కాలేయం, వీటన్నిట్లో విటమిన్ ఏ గానీ, ఒంట్లోకి వెళ్లాక విటమిన్ ఏగా మారే పదార్థం గానీ ఉంది. కూరలో కాస్త నూనె పడితే బాగా ఒంటబడుతుంది. డబ్బా పౌడర్ కంటే ఇవి వంద రెట్లు మేలు. మన తిండిని చిన్నచూపు చూసేవాడి మాట మనం వినక్కర్లేదు. కానీ మన తిండి గొప్పదని చెప్పడానికి, అది వైరస్‌ను చంపుతుందని చెప్పక్కర్లేదు. అలా చెప్తే మనమూ ఆ బీట్‌రూట్ మంత్రి పక్కన నిలబడ్డట్టే.

సర్కారుకూ ఒక మాట. మందు ఇచ్చాం, విటమిన్ చుక్కలు వేశాం, ఇక మా పని అయిపోయిందంటే కుదరదు. హెచ్ఐవీ ఉన్న బిడ్డకు ఏ జబ్బూ బయటపడకపోయినా మామూలు కంటే 10 శాతం ఎక్కువ శక్తినిచ్చే తిండి కావాలని, బాగా చిక్కిపోయిన బిడ్డకు 50 నుంచి 100 శాతం ఎక్కువ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఒంటిపూట తింటున్న ఇంట్లో ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వస్తుంది? ఖాళీ కడుపుతో ఉన్న బిడ్డకు విటమిన్ చుక్క చూపించి గుడ్డు ఎగ్గొట్టడం కూడా మోసమే.

ఇక మీరు చేయాల్సిన పనులు.

మీ ఊళ్లో ప్రతి గర్భిణికీ హెచ్ఐవీ పరీక్ష జరిగిందో లేదో ఆశా కార్యకర్తను అడగండి. పేర్లు అడగొద్దు, అందరికీ చేస్తున్నారా అని అడగండి. తల్లికి ముందే మందు మొదలైతే బిడ్డకు సోకకుండా ఆపొచ్చు. వైరస్ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు ఆరో వారంలో రక్తపరీక్ష చేయించాలి, కోట్రైమాక్సజోల్ కూడా అప్పుడే మొదలుపెట్టాలి.

విటమిన్ ఏ చుక్కలు తొమ్మిది నెలలకు లక్ష యూనిట్లు, ఆ తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్లు, ఉచితంగా వేస్తారు. ఇది పిల్లలందరికీ ఇచ్చేదే. మీ గూడెంలో ఎవరికీ తప్పిపోకుండా చూడండి. కార్డు మీద రాయించండి, రెండుసార్లు పడకుండా ఉంటుంది.

ఎయిడ్స్ నయం చేస్తామని మందు అమ్మడం మన దేశంలో నేరం. ఔషధ నియమాల్లోని షెడ్యూల్ జేలో ఎయిడ్స్ పేరు ఉంది. "ఇది మందు కాదు, ఫుడ్ సప్లిమెంట్" అని లేబుల్ వేసుకున్నా జబ్బు నయమవుతుందని చెప్పే హక్కు ఎవడికీ లేదు. డబ్బా ఫోటో, రసీదు, వీడియో దాచి పెట్టి ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు చేయండి.

అన్నిటికంటే ముఖ్యం: ఎవరికి హెచ్ఐవీ ఉందో మీకు తెలిసినా నోరు విప్పొద్దు. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం ఒకరి స్థితిని వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. బిడ్డను బడి నుంచి, హాస్టల్ నుంచి తీసేయకూడదు. "మంచికే చెప్పాను" అన్నా ఒప్పుకోరు. సందేహాలుంటే 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, పేరు చెప్పక్కర్లేదు.

ఆ చట్టంలోనే ఒక మెలిక ఉంది. మందులు "వీలైనంత వరకు" అందిస్తామని రాసుకున్నారు. రోజూ వేయాల్సిన మందుకు వీలైనంత వరకు అంటే అర్థమేంటి? ఆ మాట పోవాలి. ఏజెన్సీ ఆసుపత్రుల్లోనే ఏఆర్టీ మందులు దొరకాలి. ఆరోగ్యం నిలకడగా ఉన్న పిల్లలకు రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వాలి. పోయి రావడానికి ఛార్జీలు ఇవ్వాలి. అంగన్‌వాడీలో, హాస్టల్లో గుడ్డు, పాలు, పప్పు ఏ ఒక్కరినీ వేలెత్తి చూపకుండా పిల్లలందరికీ కడుపునిండా పెట్టాలి.

మళ్లీ ఆ సంతలో మీరు నిలబడినప్పుడు, ఆ తల్లి ఎవరో మీకు తెలియదు. తెలియక్కర్లేదు కూడా. అందరికీ వినపడేలా ఇలా చెప్పండి: "విటమిన్ మంచిదే, సర్కారు ఉచితంగా వేస్తుంది. తిండి ఇంకా మంచిది, అది పిల్లల హక్కు. హెచ్ఐవీకి మాత్రం మందు ఏఆర్టీ ఒక్కటే, దాన్ని ఒక్కరోజు కూడా ఆపొద్దు." ఈ మూడు మాటలు మీ భాషలో, గోండిలో, కోయలో, కువిలో, సవరలో చెప్పండి. ఆమె వింటుంది.